ఎర్ర నూనె ఎక్కడికి పోయింది?

సైకిలు మీద మీరు ఎప్పుడైనా మిట్ట ఎక్కారా? చదును నేల మీద హాయిగా పోయే సైకిలు మిట్ట రాగానే మొండికేస్తుంది. ఎంత బలంగా తొక్కినా కదలదు. మామూలు సైకిలు వాళ్ళు దిగి నడిపించుకుపోతారు. గేర్ల సైకిలు ఉన్నవాళ్ళు మాత్రం ఒక మీట జరిపి, కాళ్ళు గబగబా ఆడిస్తూ మెల్లిగా ఎక్కేస్తారు. కాళ్ళు ఎక్కువసార్లు తిరుగుతాయి, చక్రం తక్కువసార్లు తిరుగుతుంది; కాని అలా తిరిగేటప్పుడు దానికి బలం ఎక్కువ. వేగాన్ని ఇచ్చి బలాన్ని పుచ్చుకోవటమన్నమాట. గేరు అంటే ఈ బేరమే.

మోటారుకారు కూడా ఈ బేరం చెయ్యక తప్పదు. పైగా దానికి ఇంకొక చిక్కు ఉన్నది. ఇంజను ఆగిపోకుండా ఉండాలంటే నిమిషానికి కొన్ని వందలసార్లయినా తిరుగుతూ ఉండాలి. కారు నిలబడి ఉన్నప్పుడు చక్రాలు తిరగవు. తిరిగేదాన్నీ, తిరగనిదాన్నీ ఒక్కసారిగా కలిపితే ఏమవుతుంది? ఇంజను గుప్పున ఆగిపోతుంది. అందుకనే రెంటికీ మధ్య క్లచ్చి పెట్టారు. దాన్ని ఎడమ కాలితో తొక్కితే ఇంజనుకూ చక్రాలకూ సంబంధం తెగుతుంది. మెల్లిగా వదిలితే కలుస్తుంది. గేరు మార్చినప్పుడల్లా ఎడమ కాలికి ఈ పని తప్పదు.

మరి ఎడమ కాలు పని చెయ్యనివారి సంగతి ఏమిటి?

మా పెదనాన్నగారు 1946లో ఏలూరు దగ్గర ఒక పల్లెటూళ్ళో పుట్టారు. మూడో ఏట పోలియో వచ్చి ఆయన ఎడమ కాలు చచ్చుబడింది. అప్పటికి ఆ జబ్బుకు టీకా లేదు. జోనాస్ సాల్క్ అనే శాస్త్రజ్ఞుడు తయారు చేసిన పోలియో టీకా పని చేస్తున్నదని అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయంలో ప్రకటించినది 1955 ఏప్రిల్ 12న. పెదనాన్నగారికి అది ఆరేళ్ళు ఆలస్యమైంది. ఇప్పుడు మన దేశంలో ఆ జబ్బు లేదు. 2011 తరవాత ఇక్కడ ఆ జబ్బు పుట్టిన దాఖలా లేకపోవటంతో, 2014లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మన ప్రాంతానికి పోలియో పోయిందని పత్రం ఇచ్చింది. మీకు చిన్నప్పుడు నోట్లో వేసిన చుక్కలు ఊరికే పోలేదు.

పెదనాన్నగారు బాగా చదువుకుని 1970లో పైచదువుకు ఆ మిషిగన్ రాష్ట్రానికే వెళ్ళారు. అక్కడ బస్సులు తక్కువ, చలి ఎక్కువ. కారు లేకపోతే కూరగాయలు తెచ్చుకోవటం కూడా కష్టం. మన దేశంలో అప్పుడు తిరిగే అంబాసిడరు, ఫియటు కార్లలో ఎడమ కాలి కింద క్లచ్చి ఉండేది కనుక, తాను కారు నడపగలనని ఆయన ఎన్నడూ అనుకోలేదు. కాని 1971లో ఒక స్నేహితుడు ఆయనకు ఏడేళ్ళ పాత షెవ్రొలే కారు ఒకటి చూపించాడు. అందులో క్లచ్చి లేదు! కుడి కాలి కింద రెండే పలకలు: ఒకటి కారు పోవటానికి, ఒకటి ఆగటానికి. ఎడమ కాలు ఊరికే కూర్చుంటుంది.

"నాకు నడక నేర్పిన కారు ఇది," అంటారు పెదనాన్నగారు. ఆ కారు ఇప్పటికీ ఆయన ఇంట్లో ఉన్నది.

క్లచ్చి లేకుండా ఇంజనునూ చక్రాలనూ ఎలా కలిపారు? నూనెతో!

అమ్మమ్మ కవ్వంతో మజ్జిగ చిలకటం మీరు చూసే ఉంటారు. తిరిగేది కవ్వం, కాని కొంచెంసేపటికి కుండలోని మజ్జిగంతా గిరగిరా తిరుగుతుంది. అదే కుండలో ఇంకొక కవ్వాన్ని వదులుగా నిలబెడితే? మజ్జిగ తోపుడుకు అదీ తిరగటం మొదలుపెడుతుంది. రెండు కవ్వాలూ ఒకదాన్నొకటి తాకవు. మధ్య ఉన్న మజ్జిగే ఒకదాని బలాన్ని మరొకదానికి అందిస్తుంది. రెండో కవ్వాన్ని చేత్తో పట్టుకుని ఆపినా మొదటిది ఆగిపోదు. మనకు కావలసినది సరిగా ఇదే!

ఈ ఉపాయాన్ని యంత్రంగా మార్చినవాడు హెర్మన్ ఫోటింగర్ అనే జర్మను ఇంజనీరు. 1905లో ఆయన దీనికి పేటెంటు తీసుకున్నాడు. ఆయన ఆలోచించినది కార్ల కోసం కాదు, ఓడల కోసం. ఓడల్లోని ఆవిరి టర్బైనులు చాలా వేగంగా తిరుగుతాయి. నీళ్ళను తోసే రెక్కలు నెమ్మదిగా తిరగాలి. రెండు రెక్కల చక్రాలకు మధ్య ద్రవాన్ని పెట్టి, వేగం తగ్గించి బలం పెంచే మార్గం ఆయన కనిపెట్టాడు. ఇంజను తిప్పే చక్రం ద్రవాన్ని విసురుతుంది, ఎదుటి చక్రం ఆ విసురుకు తిరుగుతుంది. ఆ రెంటి మధ్య మూడో చిన్న చక్రం ఒకటి ఉండి, వెనక్కు వచ్చే ద్రవాన్ని మొదటి చక్రానికి సాయపడే దిక్కుకు మళ్ళిస్తుంది. అందుచేత కారు కదిలేటప్పుడు ఇంజను బలం సుమారు రెండింతలవుతుంది. దీన్నే టార్క్ కన్వర్టరు అంటారు.

అమెరికాలో జనరల్ మోటార్స్ కంపెనీ 1939లో, 1940 సంవత్సరపు ఓల్డ్స్‌మొబైల్ కార్ల కోసం, హైడ్రమాటిక్ అనే ఆటోమేటిక్ గేరుపెట్టెను విడుదల చేసింది. రెండో ప్రపంచ యుద్ధంలో దాన్ని తేలిక టాంకులలో కూడా వాడారు. యుద్ధం ముగిశాక, 1946లో అమెరికా ప్రభుత్వం కాలు పోగొట్టుకున్న సైనికులకు కారు కొనుక్కునేందుకు 1,600 డాలర్ల వరకు సాయం చేసే చట్టం చేసింది. క్లచ్చి లేని కారు లేకపోతే వారిలో చాలామందికి ఆ డబ్బు అక్కరకు వచ్చేది కాదు. ఆ తరవాత 1950లో, చవక కార్లు చేసే షెవ్రొలే వారు పవర్‌గ్లైడ్ అనే రెండు గేర్ల ఆటోమేటిక్ పెట్టెను తెచ్చారు. 1973 దాకా అది తయారవుతూ వచ్చింది. పెదనాన్నగారి కారులో ఉన్నది అదే.

2024 నాటికి ఆ కారుకు అరవై ఏళ్ళు నిండాయి. ఆ ఏడు వేసవిలో ఒకనాడు ఉదయం పెదనాన్నగారు మీటను డి అక్షరం మీదికి జరిపితే కారు వెంటనే కదలలేదు. ఊపిరి తీసుకుంటున్నట్టు రెండు క్షణాలు ఆగి, అప్పుడు కదిలింది. దారిలో మొదటి గేరు నుంచి రెండో గేరుకు మారేటప్పుడు ఇంజను బుర్రుమని అరిచిందే కాని కారు వేగం పెరగలేదు.

పక్క ఊళ్ళోనే ఉద్యోగం చేస్తున్న నేను ఆ ఆదివారం వెళ్ళాను. పెదనాన్నగారి పదేళ్ళ మనవరాలు అప్పటికే కారు దగ్గర నిలబడి ఉన్నది. కారు కాస్త తిరిగి వేడెక్కిన తరవాత, మీటను ఎన్ అక్షరం దగ్గర పెట్టి, ఇంజను ఆడుతూ ఉండగానే కొలపుల్ల బయటికి తీశాం. గేరుపెట్టె నూనె ఎర్రగా ఉంటుంది. ఇంజను నూనె ఏదో, ఇది ఏదో కారినప్పుడు తెలియాలని దానికి ఎర్ర రంగు కలుపుతారు. కొలపుల్ల మీద నూనె ఉండవలసిన గీతకు చాలా కిందికి ఉన్నది.

"నూనె తగ్గింది. మరి నేల మీద మరక ఏదీ?" అన్నారు పెదనాన్నగారు.

మేమిద్దరం వంగి చూశాం. నేల శుభ్రంగా ఉన్నది. పెట్టె కూడా పొడిగానే ఉన్నది.

"ఆవిరైపోయిందేమో, తాతయ్యా!" అన్నది ఆ అమ్మాయి.

"అది నీళ్ళు కాదమ్మా, అంత తేలికగా ఆవిరి కావటానికి. ఇంకా ఏం చూశావు?"

ఆ అమ్మాయి కొంచెంసేపు ఆలోచించి, "మొన్న మనం లైబ్రరీ నుంచి వస్తుంటే కారు వెనక తెల్లగా పొగ వచ్చింది," అన్నది.

"భేష్! దొంగ దొరికాడు," అన్నారు పెదనాన్నగారు.

ఆ దొంగ ఎలా పట్టుబడ్డాడో చెబుతాను, వినండి. ఇంజను గాలి పీలుస్తుంది. నడిపేవారు పలకను కొంచెమే తొక్కినప్పుడు ఆ పీల్పు బలంగా ఉంటుంది. గట్టిగా తొక్కితే తగ్గుతుంది. అంటే ఆ పీల్పును చూసి ఇంజను ఎంత శ్రమపడుతున్నదో తెలుసుకోవచ్చు. అందుకనే ఇంజను నుంచి గేరుపెట్టెకు ఒక సన్నని గొట్టం వేశారు. గొట్టం చివర పెట్టెకు తగిలించిన చిన్న రేకు డబ్బీ ఉంటుంది. దానిలో రబ్బరు పొర ఉంటుంది. పీల్పు ఎక్కువైతే పొర ఒక పక్కకు, తక్కువైతే ఇంకొక పక్కకు వంగుతుంది. దాన్నిబట్టి గేరుపెట్టె తన పట్టు ఎంత గట్టిగా ఉండాలో నిర్ణయించుకుంటుంది. కంప్యూటరు లేదు, కరెంటు లేదు. ఒక రబ్బరు పొర ఇంత పని చేస్తుంది.

ఆ పొర చిరిగితే? పుల్ల వేసి కొబ్బరినీళ్ళు పీల్చినట్టు ఇంజను గేరుపెట్టెలోని నూనెను పీల్చేసుకుంటుంది. ఆ నూనె ఇంజనులో కాలి, వెనక గొట్టం నుంచి తెల్లని పొగ అయిపోతుంది. నేల మీద చుక్క కూడా పడదు!

డబ్బీకి ఉన్న గొట్టాన్ని ఊడదీసి చూశాను. లోపల ఎర్రగా తడి ఉన్నది. అనుమానం తీరింది. కొత్త డబ్బీ తెప్పించి బిగించాం. నూనె పోశాం. పొగ మాయమయింది.

కాని కారు బాగుపడలేదు. రెండో గేరు ఇంకా జారుతూనే ఉన్నది.

నూనె తక్కువైన గేరుపెట్టెకు ఏమవుతుందో చెప్పాలంటే దాని లోపల ఏమున్నదో చెప్పాలి. మధ్యలో ఒక పళ్ళచక్రం ఉంటుంది. దాని చుట్టూ చిన్న పళ్ళచక్రాలు తిరుగుతాయి. వాటిని చుట్టి, లోపలి పక్క పళ్ళున్న పెద్ద ఉంగరం ఉంటుంది. మధ్యదాన్ని సూర్యుడనీ, చిన్నవాటిని గ్రహాలనీ అంటారు. గుళ్ళో నవగ్రహాల చుట్టూ మనం తిరుగుతాం. ఇక్కడ గ్రహాలే తిరుగుతాయి. వీటిలో ఒకదాన్ని కదలకుండా పట్టుకుంటే వేగం తగ్గి బలం పెరుగుతుంది. వేరొకదాన్ని పట్టుకుంటే కారు వెనక్కు పోతుంది. దేన్నీ విడిగా తిరగనివ్వకుండా అన్నిటినీ కట్టేస్తే మొత్తం ఒక్క ముద్దగా తిరుగుతుంది. పవర్‌గ్లైడ్‌లో ఇలాంటి చక్రాల అమరికే కొంచెం పెద్దది ఉన్నది.

ఈ పట్టుకునే పని ఎవరు చేస్తారు? మొదటి గేరులో ఒక ఇనప పట్టీ డోలు వంటి భాగం చుట్టూ బిగుసుకుంటుంది. రెండో గేరులో లోపల దొంతరగా పేర్చిన పలకలు ఒకదాన్నొకటి నొక్కుకుంటాయి. పట్టీనీ, పలకలనీ నొక్కేది నూనె ఒత్తిడే. నూనె తక్కువైతే పంపు దానితోపాటు గాలిని కూడా పీలుస్తుంది, ఒత్తిడి పడిపోతుంది. అప్పుడు పలకలు గట్టిగా పట్టుకోలేక ఒకదాని మీద ఒకటి జారి, వేడెక్కి, అరిగిపోతాయి. అడుగు మూత విప్పితే మాకు కనిపించినది అదే: నూనె గోధుమరంగుకు తిరిగి మాడు వాసన వేస్తున్నది. మూత అడుగున నల్లటి మెత్తని పొడి పేరుకుని ఉన్నది. అది పలకల మీది పూత.

ఇందులో తయారు చేసినవారి తప్పేమీ లేదు. అరవై ఏళ్ళు సాగుతూ ముడుచుకుంటూ ఉంటే ఏ రబ్బరయినా చిరుగుతుంది.

ఆ ఊళ్ళోని ఒక మరమ్మతు దుకాణంవారిని అడిగితే, "ఆ పాత పెట్టె తీసి పారేయండి. నాలుగు గేర్ల కొత్త రకం వేసుకోండి," అన్నారు. ఆ మాటలో నిజం లేకపోలేదు. 1980ల నుంచి వచ్చిన నాలుగు గేర్ల పెట్టెలలో ఒక రకం ఉన్నది. దాని నాలుగో గేరులో ఇంజను 70 సార్లు తిరిగితే చక్రాల వైపు పోయే కడ్డీ 100 సార్లు తిరుగుతుంది. పెద్ద రోడ్ల మీద ఇంజనుకు శ్రమ తక్కువ, పెట్రోలు ఖర్చు తక్కువ.

పెదనాన్నగారు కాగితం తీసుకుని మధ్యకు గీత గీశారు. ఒక పక్క మార్పిడి వల్ల లాభాలు రాశారు. రెండో పక్క చెయ్యవలసిన పనులు రాశారు: పెట్టెను మోసే దూలం జరపాలి, వెనక్కు పోయే కడ్డీ పొడుగు సరిచెయ్యాలి, ఇంజను నుంచి కొత్త తీగ లాగాలి, మీట దగ్గర అక్షరాలు మార్చాలి. అన్నీ రాసి కాగితం నాకు ఇచ్చారు.

"రోజూ యాభై మైళ్ళు పెద్ద రోడ్డు మీద పోయేవాడినైతే మార్పించేవాణ్ణే. నేను ఈ కారులో పోయేది లైబ్రరీకీ, గుడికీ. అక్కడికి నాలుగు గేర్లు ఎందుకురా? పళ్ళచక్రాలు బాగుంటే ఇదే బాగుచేద్దాం. అవి కూడా పోయి ఉంటే మార్చేద్దాం," అన్నారాయన.

"మీకు డెబ్భై ఎనిమిదేళ్ళు, పెదనాన్నా. ఇంకా ఎన్నాళ్ళు నడుపుతారు?" అని అడిగాను.

"అది డాక్టరు చెబుతాడు. కారుకేం తెలుసు?" అన్నారు.

పెట్టెను కిందికి దింపే పని నేనూ, ఆ పని తెలిసిన ఒక మెకానిక్కూ చేశాం. పెద్దవాళ్ళు కూడా కారును జాకీ మీద ఉంచి దాని కిందికి పోకూడదు. గట్టి ఇనప స్టాండ్లు పెట్టితీరాలి. పిల్లలు అసలే పోరాదు. ఆ అమ్మాయికి బల్ల దగ్గర పని ఇచ్చాం. ఊడదీసిన ప్రతి భాగాన్నీ ఫొటో తీసి, వరస తప్పకుండా పాత దుప్పటి మీద పేర్చి, పక్కన అంకె వేసిన చీటీ పెట్టటం ఆమె వంతు. పెట్టె పూర్తిగా విప్పేసరికి చీటీలు 112 అయ్యాయి.

పళ్ళచక్రాలు తళతళలాడుతూ ఉన్నాయి. ఒక్క పన్ను కూడా విరగలేదు. పెదనాన్నగారు ఒక్కొక్క చక్రాన్నీ చేత్తో తిప్పి, చెవి దగ్గర పెట్టుకుని విన్నారు. రెండో గేరు పలకలు మాత్రం మాడి నల్లబడ్డాయి. రబ్బరు చుట్లు గోళ్ళలాగా గట్టిపడి, వంచితే ఠక్కున విరిగాయి.

కొత్త పలకలు తెప్పించి, బిగించే ముందు అరగంటసేపు నూనెలో నానబెట్టాం. పొడిగా పెడితే తిరగటం మొదలుకాగానే కాలిపోతాయి. రబ్బరు చుట్లన్నీ మార్చాం. నూనె పోయే దారుల్లోకి పంపుతో గాలి కొట్టాం. లోపల పలకలు నొక్కుకుని "ఠప్" మని చప్పుడు చెయ్యాలి. చేశాయి! టార్క్ కన్వర్టరును విప్పటానికి వీలులేకుండా అతికేసి ఉంటారు. దాని లోపలికి కూడా నల్లటి పొడి పోయి ఉంటుంది కనుక, బాగుచేసిన వేరొకదాన్ని తెచ్చాం.

కన్వర్టరును పెట్టెలోకి తోసేటప్పుడు తిప్పుతూ తొయ్యాలి. దాని గాడులు లోపలి పంపు కొక్కాలలో పూర్తిగా కూర్చోవాలి. కూర్చోకుండానే మరలు బిగిస్తే పంపు పగిలిపోతుంది. అందరం ఊపిరి బిగబట్టి విన్నాం. "టక్" అని ఒక చప్పుడు, తరవాత ఇంకొకటి. "ఇంకొకటి రావాలి," అన్నారు పెదనాన్నగారు. మెకానిక్కు మళ్ళీ మెల్లిగా తిప్పాడు. మూడో "టక్" వినిపించింది.

చివరికి ఎర్ర నూనె పోశాం. ఈ నూనెకు కూడా ఒక కథ ఉన్నది. పూర్వం ఇందులో స్పెర్మ్ జాతి తిమింగిలాల నుంచి తీసిన నూనె కలిపేవారు. పలకలు కుదుపు లేకుండా మెత్తగా పట్టుకోవటానికి అంత మంచి వస్తువు వేరొకటి లేదనుకునేవారు. తిమింగిలాలు నశించిపోతున్నాయని 1970ల ఆరంభంలో అమెరికా వాటి నూనె వాడకాన్ని ఆపేసింది. రసాయన శాస్త్రజ్ఞులు బదులు పదార్థాలు తయారు చేశారు. కారు కొన్న కొత్తలో అందులో ఉన్నది ఏ నూనో కాని, ఇప్పుడు పోసిన నూనెలో మాత్రం తిమింగిలం లేదు.

పెదనాన్నగారు కూర్చుని ఇంజను ఆడించారు. మీటను ఆర్ దగ్గర పెట్టారు. కారు వెంటనే వెనక్కు కదిలింది. డి దగ్గర పెట్టారు. వెంటనే ముందుకు పోయింది. వీధి చివర మలుపు దాటాక కారు మాకు కనిపించలేదు. చప్పుడు మాత్రం వినిపిస్తున్నది. ఇంజను గొంతు పైకి లేచి, ఒక్కసారి మెత్తగా కిందికి దిగింది.

"రెండో గేరు పడింది, బాబాయ్!" అని ఆ అమ్మాయి గంతులు వేసింది.

ఆ రోజు మధ్యాహ్నం ఆ అమ్మాయి తన చీటీలు లెక్కపెట్టింది. 112 భాగాలలో 71 పాతవే తిరిగి లోపలికి పోయాయి. విరిగిన రబ్బరు చుట్టూ, మాడిన పలకా అడిగి తీసుకుని, పక్కన కొత్త పలక బొమ్మ గీసి బడికి పట్టుకుపోయింది.

ఇప్పుడు మన ఊళ్ళలో కూడా క్లచ్చి లేని కార్లు చాలా రకాలు తిరుగుతున్నాయి. కరెంటుతో నడిచే కార్లలో చాలావాటికి గేరు మార్చే అవసరమే లేదు; కరెంటు మోటారు నిలబడి ఉన్నప్పుడు కూడా బలం ఇవ్వగలదు. కాని పెట్రోలుతో, డీజిలుతో నడిచే బండ్లకు ఆ పాత బేరం తప్పదు. ఈసారి మీరు తిరుమల కొండకో, సింహాచలానికో బస్సులో పోతున్నప్పుడు కళ్ళు మూసుకుని ఇంజను చప్పుడు వినండి. గొంతు పెరుగుతున్నదా, దిగుతున్నదా? డ్రైవరు ఎన్నిసార్లు గేరు మార్చాడు? లెక్కపెట్టి మీ నాన్నగారికి చెప్పండి.